ఏ పరీక్ష పెట్టి ఏ క్లాసులో కూర్చోబెడదాం? (పెద్దవాళ్ళ ఇంగ్లీష్ క్లాసుల వాలంటీర్ల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వాళ్ళకి వినబడుతోందా? ఆ, సరే. ఆ పిల్లల్ని కొంచెం పక్క రూమ్‌లోకి పంపిస్తే బాగుంటుంది, థాంక్యూ.

నాకు ఇచ్చిన టాపిక్ ఏంటంటే మన వీకెండ్ ఇంగ్లీష్ క్లాసులకి ఏ టెస్ట్ పెట్టాలి అని. ఇక్కడ అమెరికాలో ఉన్న మన అమ్మమ్మలు తాతయ్యలు, భర్త ఉద్యోగం వల్ల హెచ్4 వీసా మీద వచ్చిన అమ్మాయిలు, గ్యాస్ స్టేషన్లలో హోటళ్ళలో పనిచేసే మనవాళ్ళు అందరూ కలిపి పేర్లు ఇచ్చారంట, మూడు బ్యాచులు పెడదాం అనుకుంటున్నారు, ఎవరు ఏ బ్యాచో తేలట్లేదు. నేను అడల్ట్ స్కూల్లో, అంటే పెద్దవాళ్ళకి చదువు చెప్పే బడిలో, రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర చేస్తాను, కొత్తగా వచ్చినవాళ్ళకి టెస్ట్ పెట్టి క్లాసులో వెయ్యడమే నా ఉద్యోగం, అందుకని నన్ను పిలిచారు.

నిన్న మీ వాట్సాప్ గ్రూప్ చూశా. ఒకరు టోఫెల్ మోడల్ పేపర్ అన్నారు, ఒకరు ఐఈఎల్‌టీఎస్ అన్నారు, ఇంకొకరు డ్యూలింగో అన్నారు, ఒకాయనైతే సొంతంగా బిట్లు తయారుచేసి గూగుల్ ఫామ్ కూడా పెట్టేశారు. (నవ్వులు) మనం ఎంసెట్ రాసి వచ్చిన జనం కదా, నలుగురు కూడితే చాలు ఒక పరీక్ష పెట్టి ర్యాంకులు ఇచ్చెయ్యాలి మనకి. ఆ గూగుల్ ఫామ్ పెట్టినాయన ఇక్కడే ఉన్నారా? ఉన్నారు. మీ మీద కోపం కాదండి, మీ ఫామ్ గురించి తర్వాత మాట్లాడదాం, అందులో పనికొచ్చేవి ఉన్నాయి.

ముందు టోఫెల్ సంగతి తేల్చేద్దాం. అది చెడ్డ పరీక్ష కాదు, చాలా మంచి పరీక్ష, కానీ అది కనుక్కునేది ఏంటంటే ఈ మనిషి యూనివర్సిటీలో ప్రొఫెసర్ లెక్చర్ ఫాలో అవ్వగలడా, పేపర్లు రాయగలడా అని. మన దగ్గరకి వచ్చే నలభై మందికి ఆ పేపర్ ఇస్తే ముప్ఫై మందికి అడుగునే మార్కులు వస్తాయి. ఆ ముప్ఫై మందిలో ఎవరు ఎక్కడున్నారో మీకు అస్సలు తెలీదు, మీకు తెలియాల్సింది మాత్రం అదే. బియ్యం బస్తాలు తూచే కాటా మీద ఉంగరం పెడితే సున్నా చూపిస్తుంది, ఉంగరం బరువు సున్నా అనా? ప్రతి పరీక్షకీ ఒక రేంజ్ ఉంటుంది, ఆ రేంజ్ లోపల ఉన్నవాళ్ళనే అది విడదీసి చూపిస్తుంది, పైనున్నవాళ్ళకీ కిందున్నవాళ్ళకీ అది చెప్పే నంబర్ నమ్మకూడదు.

ఇక్కడ అమెరికాలో అడల్ట్ స్కూళ్ళు ఏం వాడతాయో చెప్తాను, ఎందుకు వాడతాయో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ ఎందుకు అన్నది తెలిస్తే మనం ఏం వాడక్కర్లేదో తెలుస్తుంది. 2014లో వియోవా అని ఒక ఫెడరల్ చట్టం వచ్చింది, వర్క్‌ఫోర్స్ ఇన్నొవేషన్ అండ్ ఆపర్చ్యూనిటీ యాక్ట్, దాంట్లో రెండో టైటిల్, అంటే రెండో భాగం, మొత్తం పెద్దవాళ్ళ చదువు గురించే. ఆ చట్టం కింద వచ్చే ఫెడరల్ డబ్బు తీసుకునే స్కూల్ తన విద్యార్థులు ఎంత ఎదిగారో లెక్క చూపించాలి, ఆ లెక్క పెట్టే పద్ధతి పేరు నేషనల్ రిపోర్టింగ్ సిస్టమ్, మేం ఎన్.ఆర్.ఎస్ అంటాం. దాంట్లో ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళకి ఆరు లెవెల్స్, మామూలు బేసిక్ చదువుకి ఇంకో ఆరు లెవెల్స్. వచ్చినప్పుడు ఒక టెస్ట్, కొన్ని గంటల క్లాసు అయ్యాక అదే టెస్ట్‌లో ఇంకో ఫామ్, అంటే వేరే ప్రశ్నలున్న పేపర్, ఒక లెవెల్ ఎక్కితే గెయిన్ వచ్చినట్టు. దీనికి ఏ టెస్ట్ పడితే ఆ టెస్ట్ కుదరదు, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఆమోదించిన లిస్టులోనే ఉండాలి, ఆ ఆమోదానికి గడువు కూడా ఉంటుంది, మహా అయితే ఏడేళ్ళు, తర్వాత కంపెనీ మళ్ళీ అప్లై చేసుకోవాలి. అందుకే ఎవరో పాత ఫామ్‌లు చవగ్గా ఇస్తాం అంటే తీసుకోకండి. వాటిని జిరాక్స్ తియ్యడం కూడా కుదరదు, అవి సెక్యూర్ టెస్టులు, బయటకి పోతే టెస్టే చచ్చిపోతుంది.

ఇప్పుడు చూడండి, మాకు టెస్ట్ రెండు పనులు చెయ్యాలి. ఒకటి, ఈ మనిషిని ఏ గదిలో కూర్చోబెట్టాలి. రెండు, గవర్నమెంట్‌కి లెక్క. రెండో పని కోసం తయారైన టెస్ట్‌నే మేం మొదటి పనికి కూడా వాడేస్తుంటాం, ఎందుకంటే ఎలాగూ పెట్టాలి కదా అని. మీకు ఆ రెండో పని లేదు. మీరు ఫెడరల్ డబ్బు తీసుకోవట్లేదు, ఎవరికీ రిపోర్ట్ పంపక్కర్లేదు. అంటే మీ దగ్గర మాకు లేని స్వేచ్ఛ ఉంది, దాన్ని పోగొట్టుకుని మా తలనొప్పి ఎందుకు తెచ్చుకుంటారు?

అయినా ఆ టెస్టులు ఎలా ఉంటాయో తెలుసుకుంటే మంచిది, వాటిల్లో తెలివి చాలా ఉంది. ముఖ్యంగా మూడు.

కాసాస్. శాన్ డియాగోలో 1980లో మొదలైంది, కాలిఫోర్నియాలో ఎక్కడికెళ్ళినా ఇదే. దీంట్లో ప్రశ్నలు గ్రామర్ గురించి ఉండవు, మందు సీసా మీద లేబుల్, బస్ టైమ్ టేబుల్, జీతం స్లిప్, స్కూల్ నుంచి వచ్చిన నోటీసు, ఇలాంటివి చూపించి దీంట్లో ఏముంది అని అడుగుతారు. పెద్దవాళ్ళకి ఇదే కరెక్ట్ అని నా అభిప్రాయం, నోటీసు చదివి మనవడిని మధ్యాహ్నం ఎన్నింటికి తీసుకురావాలో తెలిస్తే చాలు, పాస్ట్ పర్ఫెక్ట్ టెన్స్ తర్వాత చూసుకోవచ్చు. ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళకి రీడింగ్ వేరే, లిజనింగ్ వేరే ఉంటాయి.

టేబ్. ఇది అసలు ఇంగ్లీష్ నేర్పడం కోసం కాదు, ఇంగ్లీష్ వచ్చినవాళ్ళు స్కూల్ చదువు ఎంతవరకు నిలుపుకున్నారో చూడటానికి. రీడింగ్, లెక్కలు, లాంగ్వేజ్, అంతే, వినడం మాట్లాడటం ఉండదు. ఎల్, ఈ, ఎమ్, డి, ఏ అని ఐదు స్థాయిల పేపర్లు. జీఈడీ, అంటే హైస్కూల్ పూర్తిచెయ్యనివాళ్ళు దానికి బదులు రాసే పరీక్ష, అది కడదాం అనుకునేవాళ్ళకి, నర్సింగ్ అసిస్టెంట్ లాంటి ట్రైనింగులకి వెళ్ళేవాళ్ళకి ఎక్కువగా ఇది పెడతారు. దీంట్లో నాకు నచ్చేది లొకేటర్. అసలు టెస్ట్‌కి ముందు ఒక చిన్న టెస్ట్ పెడతారు, అది మార్కుల కోసం కాదు, ఈ మనిషికి ఐదింటిలో ఏ పేపర్ ఇవ్వాలి అని తేల్చుకోవడానికి. పేపర్ తప్పు ఇస్తే వచ్చిన స్కోర్ లెక్కలోకి రాదు, రేంజ్ బయట అని వస్తుంది, మళ్ళీ పెట్టాలి. పరీక్ష ముందు ఇంకో బుల్లి పరీక్ష అంటే మనకి నవ్వొస్తుంది గానీ చాలా పెద్ద విషయం అది.

మూడోది బెస్ట్ ప్లస్. వాషింగ్టన్‌లో సెంటర్ ఫర్ అప్లైడ్ లింగ్విస్టిక్స్ అని ఉంది, వాళ్ళది. దీని మూలం ఏంటంటే 1980ల మొదట్లో వియత్నాం, లావోస్, కంబోడియాల నుంచి శరణార్థులు వచ్చారు కదా, వాళ్ళ కోసం చేసిన బెస్ట్ అనే టెస్ట్. దాని కొత్త రూపం బెస్ట్ ప్లస్, ఇది నోటితో. ఎదురెదురుగా కూర్చుని ఒకళ్ళు అడుగుతారు ఒకళ్ళు చెప్తారు, మనిషిని బట్టి మూడు నిమిషాల్లో అయిపోవచ్చు ఇరవై నిమిషాలు పట్టొచ్చు, ఎందుకంటే జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న కష్టంగానో తేలికగానో మారుతుంది. మార్కులు వేసే తీరు చూడండి, నాకు భలే ఇష్టం. ప్రతి జవాబుకీ మూడు మార్కులు వేరువేరుగా. ప్రశ్న అర్థమైందా, సున్నా నుంచి రెండు. జవాబులో భాష ఎంత ఉంది, సున్నా నుంచి నాలుగు. చెప్పింది అవతలివాళ్ళకి ఎంత తేలిగ్గా అర్థమైంది, సున్నా నుంచి మూడు.

ఉదాహరణకి నేను అడిగా అనుకోండి, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు అని, ఇది నేను కల్పించిన ప్రశ్నే, టెస్ట్‌లోది కాదు. ఒకాయన "వైఫ్" అన్నారు. ఇంకొకాయన "మై వైఫ్ కుక్స్, బట్ సండే ఐ మేక్ దోశ, బికాజ్ షీ ఈజ్ టయర్డ్" అన్నారు. ఇద్దరికీ ప్రశ్న అర్థమైంది, వినడం కింద ఇద్దరికీ రెండేసి. కానీ భాష ఎంత అన్న దగ్గర మొదటాయన అడుగున ఉన్నాడు, రెండో ఆయన పైనున్నాడు. ఒకే ఒక్క ప్రశ్న, ఇద్దరి మధ్య తేడా ఎక్కడుందో కనిపించేసింది. నాలుగు ఆప్షన్ల బిట్ పేపర్లో ఇది ఎప్పటికైనా కనిపిస్తుందా?

మన తెలుగువాళ్ళ దగ్గరే ఇది ఎందుకు ముఖ్యమో చెప్తా. మేం డెస్క్ దగ్గర చూసేది ఏంటంటే, చదువుకున్న మనవాళ్ళు రీడింగ్ టెస్ట్‌లో దంచేస్తారు. బీటెక్ చదివి వచ్చిన అమ్మాయి కాసాస్ రీడింగ్ రాస్తే పై లెవెల్లో తేలుతుంది, రీడింగ్ చూసి అడ్వాన్స్‌డ్ క్లాసులో వేశామా, అక్కడ కొలంబియా వాళ్ళు ఇరాన్ వాళ్ళు గ్రూప్ డిస్కషన్లో గడగడా మాట్లాడుతుంటే ఈ అమ్మాయి మూల కూర్చుని నోట్స్ రాసుకుంటూ ఉంటుంది, రెండు వారాలకి రావడం మానేస్తుంది. అడిగితే బాబుకి ఒంట్లో బాలేదు అంటుంది. అసలు ఆ అమ్మాయికి కావాల్సింది పిల్లల డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ మార్చుకోవడం, ఫోన్లో మొహం కనిపించదు, అవతలివాళ్ళు ఇన్సూరెన్స్ మెంబర్ ఐడీ అంటూ స్పీడుగా వెళ్ళిపోతారు. అది లిజనింగ్, రీడింగ్ కాదు. దీనికి పూర్తి రివర్స్ ఇంకో రకం, స్టోర్‌లో కౌంటర్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన అన్నయ్య, కస్టమర్లతో జోకులేస్తూ మాట్లాడేస్తాడు, ఓనర్‌కి ఒక ఈమెయిల్ రాయమంటే చెమటలు పడతాయి. ఇద్దరికీ సగటు తీస్తే ఒకే నంబర్ వస్తుంది. ఇద్దర్నీ ఒకే బ్యాచులో వేస్తే ఇద్దరికీ సగం క్లాసు వేస్టే.

కాబట్టి మూడు బ్యాచులు మాత్రమే పెట్టగలిగితే, బ్యాచుల్ని మాట్లాడటం వినడం మీద విడదీయండి, చదవడం రాయడం మీద కాదు. రాత విషయం క్లాసు లోపల వేరే వేరే షీట్లు ఇచ్చి సర్దుకోవచ్చు, వర్క్‌షీట్ ఎవరి స్పీడ్‌లో వాళ్ళు చేసుకుంటారు. మాట అలా కాదు, పక్కవాళ్ళతో కలిసి చెయ్యాల్సిందే.

ఇంకా అడుగు లెవెల్‌కి వద్దాం, నన్నడిగితే ఈ రోజు నేను వచ్చింది ఇది చెప్పడానికే. కిందటి సంవత్సరం ఒకే వారంలో ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చారు మా దగ్గరకి. ఒకావిడ పల్లెటూరు, బడికి వెళ్ళలేదు, కొడుకు ఇక్కడ ఉద్యోగం, ఆవిడ పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకున్నారు, కాగితాన్ని ఎడం చేత్తో ఆపుకోవాలని కూడా తెలీదు, అది జారిపోతూ ఉంది. ఇంకొకాయన రిటైర్డ్ తెలుగు పండిట్, పద్యాలు నోటికొచ్చు, ఇంగ్లీష్ మాత్రం సంతకం వరకే. ఇద్దరూ టెస్ట్ రాశారు. ఇద్దరికీ ఒకే స్కోర్, అడుగు లెవెల్. కంప్యూటర్ ప్రకారం ఇద్దరూ ఒకటే, ఇద్దరికీ ఒకే గది.

ఆయనకి చదవడం వచ్చండీ! కాగితం మీద గీతలకి శబ్దం ఉంటుంది, ఎడమ నుంచి కుడికి పోవాలి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది, టేబుల్ అంటే అడ్డం నిలువు చూడాలి, ఇవన్నీ ఆయనకి ఎప్పుడో వచ్చు. ఆయనకి రానిది ఇరవై ఆరు అక్షరాలు, అవి కూడా పెద్దవి చిన్నవి రెండు రకాలు ఎందుకున్నాయో అని విసుక్కున్నారు పాపం, మనకి లేవు కదా ఆ గొడవ. బీ కి డీ కి తిరగబడుతుంది కొన్నాళ్ళు. సీ కొన్నిచోట్ల క కొన్నిచోట్ల స, రాసినట్టు పలకరు, అది మన లిపి అలవాటున్నవాళ్ళకి చిరాకు. కొన్ని వారాల్లో దాటేస్తారు. ఆవిడ సంగతి అలా కాదు, ఆవిడకి మొదట పెన్సిల్, తర్వాత గీత, తర్వాత తన పేరు, ఇంకా చెప్పాలంటే నోటితో చాలా రోజులు నేర్పి ఆ తర్వాతే కాగితం. ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే ఆయనకి బోరు, ఆవిడకి అవమానం. ఇంగ్లీష్‌లో పెట్టే ఏ పరీక్షా, ఎంత పెద్ద కంపెనీ చేసినదైనా, ఈ ఇద్దరినీ విడదీయలేదు, ఎందుకంటే అది కొలిచేది ఇంగ్లీష్‌లో చదవడం, చదవడం వచ్చా రాదా అన్నది కాదు.

మరి ఎలా తేలుతుంది? తెలుగు పేపర్ ఒకటి ముందు పెట్టండి. అంతే. ఈ హెడ్డింగ్ చదవండి అమ్మా అనండి, మీ ఊరి అడ్రస్ తెలుగులో రాయండి అనండి, రెండు నిమిషాలు. మా స్కూల్లో అన్ని దేశాల వాళ్ళూ వస్తారు, తెలుగు చదివి చూసేవాళ్ళు ప్రతి షిఫ్ట్‌లో ఉండరు, మేం ఏడాదికి ఎన్ని వేల డాలర్ల టెస్టులు కొన్నా ఈ రెండు నిమిషాల పని చెయ్యలేం. మీరు ప్రతి ఒక్కరూ చెయ్యగలరు. హిందీ, ఉర్దూ, తమిళం చదివినవాళ్ళు ఉంటే వాళ్ళకి ఆ భాషవి తెప్పించండి, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో ఉర్దూ మీడియం వాళ్ళు ఉంటారు, ఉర్దూ చదివినవాళ్ళకి కన్ను కుడి నుంచి ఎడమకి అలవాటు, అది కూడా టీచర్‌కి తెలియాలి కదా.

ఇంతసేపూ మన తెలుగువాళ్ళమే పరీక్ష పెడితే బెటర్ అన్నట్టు చెప్పాను, దీనికి ఒక ఇబ్బంది కూడా ఉంది. నోటి పరీక్ష మీరు పెడితే మీరు ఎక్కువ మార్కులు వేసేస్తారు. ఎందుకంటే మన ఇంగ్లీష్ మనకి అర్థమైపోతుంది. "ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్స్, బోత్ ఆర్ ఇన్ సాఫ్ట్‌వేర్ ఓన్లీ" అంటే మీకు ఎక్కడా ఆగకుండా అర్థమైంది, అవునా? బ్యాంక్ కౌంటర్లో ఉన్న అమెరికన్ అమ్మాయికి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ మూడో మార్కు, అవతలివాళ్ళకి ఎంత తేలిగ్గా అర్థమైంది అన్నది, మన చెవి పెట్టి వెయ్యకూడదు. అందుకని మొదటి శనివారం ఒక పని చెయ్యండి, ఒక ఐదారుగురి మాటలు, వాళ్ళ పర్మిషన్ అడిగి ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి, వాలంటీర్లందరూ విడివిడిగా మార్కులు వెయ్యండి, ఒకరు తెలుగు రాని మనిషి, పక్కింటావిడో లైబ్రరీ ఆవిడో, వాళ్ళ చేత కూడా వేయించండి. తర్వాత పోల్చుకోండి. గొడవలు అవుతాయి, అవ్వనివ్వండి, ఆ గొడవల్లోంచే ఎంతకి ఎంత వెయ్యాలో అందరికీ ఒక అంచనా వస్తుంది. బెస్ట్ ప్లస్ పెట్టేవాళ్ళకి ముందు ట్రైనింగ్ తప్పనిసరి అని పెట్టింది ఇందుకే.

ఇప్పుడు గూగుల్ ఫామ్. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు ముప్ఫై ఇస్తే, ఏమీ రాని మనిషి గుడ్డిగా పెట్టుకుంటూ పోయినా ఏడో ఎనిమిదో కరెక్ట్ అవుతాయి. మనవాళ్ళు బిట్లు కొట్టడంలో ఎక్స్‌పర్టులు, ఏ ఆప్షన్ పొడుగ్గా ఉందో చూసి పెట్టేస్తారు, ఇంకో రెండు కలుస్తాయి. పన్నెండు వచ్చినవాళ్ళు ఒక బ్యాచ్, పదమూడు వచ్చినవాళ్ళు పై బ్యాచ్ అని గీత గీస్తే ఆ ఒక్క మార్కులో ఏముందో దేవుడికే తెలియాలి. అసలు పెద్ద టెస్టులే మా స్కోర్‌లో ఇంత అటూ ఇటూ ఉంటుంది అని మాన్యువల్లో రాసుకుంటాయి. గీతకి దగ్గర్లో ఉన్నవాళ్ళని నంబర్ చూసి కాదు, ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడి తేల్చండి. మీ ఫామ్‌లో నాకు నచ్చింది ఆ చివర్లో మీరు రాసిన ప్రశ్న, ఇంగ్లీష్ మీకు ఎక్కడ అవసరం పడుతోంది అని తెలుగులో అడిగారు చూడండి, అది ఉంచండి, పైనున్నవన్నీ తీసేసినా పర్లేదు. (నవ్వులు)

ఇంకో సంగతి, కంప్యూటర్ మీద పెట్టకండి పెద్దవాళ్ళకి. మౌస్ పట్టుకోవడం రానావిడకి ఇంగ్లీష్ రాదని మార్కు పడుతుంది. కళ్ళజోడు తెచ్చుకోమని ముందే చెప్పండి, వినికిడి మెషిన్ ఉంటే అదీనూ. గుండ్రాలు నింపే బబుల్ షీట్ అసలే వద్దు.

ఒక్క స్కోర్ మీద మనిషిని క్లాసులో వేస్తే ఏమవుతుందో ఈ దేశంలో కాలేజీల్లో పెద్ద రీసెర్చ్ అయింది. కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ కోర్సులుండే కాలేజీలో, చేరగానే ఏ క్లాసులో వెయ్యాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టేవారు, తక్కువ వస్తే డిగ్రీ లెక్కలోకి రాని రెమెడియల్ క్లాసులు, డబ్బూ టైమూ రెండూ పోయేవి. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళ కమ్యూనిటీ కాలేజ్ రీసెర్చ్ సెంటర్ 2012లో లెక్క తీస్తే, మ్యాథ్స్‌లో సుమారు నలుగురిలో ఒకరు, ఇంగ్లీష్‌లో సుమారు ముగ్గురిలో ఒకరు బాగా తప్పు క్లాసులో పడ్డారని తేలింది. ఎక్కువమంది పైకి వెళ్ళాల్సినవాళ్ళు కింద పడ్డవాళ్ళే. హైస్కూల్ మార్కులు చూసినా ఇంతకంటే బాగా తెలిసేది అన్నారు. ఆ తర్వాత కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 అని చట్టం చేసి, హైస్కూల్ రికార్డు చూడకుండా టెస్ట్ ఒక్కటీ పట్టుకుని విద్యార్థుల్ని కింద క్లాసుల్లోకి తొయ్యకుండా ఆపింది. ఒకప్పుడు చాలా కాలేజీల్లో వాడిన కంపాస్ అనే టెస్ట్‌ని దాన్ని చేసిన ఏసీటీ కంపెనీయే 2016లో ఆపేసింది. అంత డబ్బు పెట్టి అంత సైంటిఫిక్‌గా చేసిన టెస్టుల పరిస్థితే అది, మన ఫామ్ ఎంత చెప్పండి.

అయితే అసలు స్టాండర్డ్ టెస్ట్ వద్దే వద్దు అని నేను అనట్లేదు. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే రకంగా అడగడం, ఒకే కొలతతో మార్కు, ఇది కావాలి. లేకపోతే ఏం అవుతుందంటే మీ సంఘం ప్రెసిడెంట్ గారి అత్తగారు పై బ్యాచులోకి వెళ్ళిపోతారు. (నవ్వులు, చప్పట్లు) నవ్వకండి, అవుతుంది. కొన్న టెస్టే కావాలి అనేది మాత్రం అక్కర్లేదు. ముందు తెలుగులో ఆ రెండు నిమిషాలు. తర్వాత నోటితో పది ప్రశ్నలు, తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత, అందరికీ అవే, పేపర్ మీద రాసిపెట్టుకుని మార్చకుండా అడగండి. మీ పేరేంటి దగ్గర మొదలెట్టి, ఇండియాలో పెళ్ళికీ ఇక్కడ పెళ్ళికీ తేడా ఏంటి, మీకేది నచ్చింది ఎందుకు, అక్కడి దాకా. వరసగా మూడు ప్రశ్నలకి జవాబు రాకపోతే అక్కడ ఆపెయ్యండి, మిగతావి అడిగి ఏడిపించకండి. అదే మన లొకేటర్. దాంట్లో బాగా పైకి వెళ్ళినవాళ్ళకి మాత్రం ఒక నోటీసు లాంటిది ఇచ్చి చదివించి, నాలుగు వాక్యాలు రాయించండి.

ఇంకా మధ్యలో ఒకటి, నెల నెలా టెస్ట్ పెట్టి ఎంత పెరిగిందో చూద్దాం అని కూడా గ్రూప్‌లో ఉంది. కాసాస్ వాళ్ళు రెండు టెస్టుల మధ్య 70 నుంచి 100 గంటల క్లాసు ఉంటే మంచిది, కనీసం 40 అయినా ఉండాలి అంటారు. మీ క్లాసు వారానికి రెండు గంటలు. నలభై గంటలంటే ఇరవై వారాలు, ఒక్క శనివారం కూడా మానకుండా. నెలకి ఎనిమిది గంటల్లో స్కోర్ పెరిగితే అది ఇంగ్లీష్ పెరగడం కాదు, ఆ పేపర్ అలవాటవ్వడం. దసరాకి చేరితే ఉగాదికి చూడండి, అదీ వేరే ప్రశ్నలతో.

సరే, ప్రశ్నలు తీసుకుందాం. చెప్పండి అమ్మా. మైకు ఇవ్వండి ఆవిడకి.

సిటిజన్‌షిప్ కోసం వచ్చేవాళ్ళని ఎలా విడదీయాలి, అంటున్నారు. మంచి ప్రశ్న. వాళ్ళకి ఇవేవీ వద్దు, వాళ్ళ పరీక్ష ఏంటో ముందే తెలుసు కదా, ఆ పరీక్షే ప్లేస్‌మెంట్. ఇంగ్లీష్‌లో మూడు వాక్యాల్లో ఒకటి చదవగలగాలి, మూడింటిలో ఒకటి విని రాయగలగాలి, ఆఫీసర్ అప్లికేషన్ ఫామ్ మీద అడిగేవి అర్థం కావాలి, తర్వాత సివిక్స్, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలు. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్ళకి కొత్త సివిక్స్, 128 ప్రశ్నల లిస్టులోంచి 20 దాకా అడుగుతారు, 12 కరెక్ట్ చెప్పాలి. అంతకుముందు అప్లై చేసినవాళ్ళకి పాతది, వందలోంచి పది, ఆరు చెప్పాలి. కాబట్టి మొదట అడగాల్సింది ఎప్పుడు అప్లై చేశారు అని. ఇంకో సంగతి, వయసు యాభై దాటి గ్రీన్‌కార్డ్ మీద ఇరవై ఏళ్ళు ఉన్నవాళ్ళకి, లేదా యాభై ఐదు దాటి పదిహేనేళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లీష్ పరీక్ష మినహాయింపు ఉంది, సివిక్స్ తెలుగులో దుబాసీని పెట్టుకుని చెప్పొచ్చు. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఇది తెలీదు, అనవసరంగా భయపడి ఏళ్ళు వాయిదా వేస్తారు. వాళ్ళని ఇంగ్లీష్ బ్యాచులో వెయ్యొచ్చు, వాళ్ళకి ఇష్టమైతే, పరీక్ష కోసం అని మాత్రం కాదు.

ఆ, అక్కడ. భార్యాభర్తలు కలిసి కూర్చుంటాం అంటున్నారు, ఆయన పై లెవెల్, ఆవిడ కింద. కలిపి వెయ్యకండి. ఆవిడకి వచ్చే ప్రతి ప్రశ్నకీ ఆయనే జవాబు చెప్తాడు. (నవ్వులు) ఒకే టైమ్‌లో రెండు గదుల్లో పెట్టండి, కారు ఒకటే కదా, టైమ్ కలవాలి వాళ్ళకి, గది కాదు.

జీఈడీ? అది వేరే దారి అండి, నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 145 రావాలి, దానికి మీ క్లాసు సరిపోదు, వాళ్ళని అడల్ట్ స్కూల్‌కి పంపండి, అక్కడ టేబో కాసాసో పెట్టి చూసుకుంటారు. చాలా చోట్ల ఫీజు ఉండదు, లేదా చాలా తక్కువ. మీ దగ్గర పై బ్యాచ్ అయిపోయినవాళ్ళని కూడా అక్కడికే పంపండి, మీ దగ్గరే అట్టేపెట్టుకోకండి.

క్లాసు తప్పు పడితే ఎన్నాళ్ళకి మార్చాలి అంటున్నారు. మూడో క్లాసు లోపల. టీచర్‌కి మొదటి క్లాసులోనే తెలిసిపోతుంది, చెప్పడానికి మొహమాటం. కింద బ్యాచుకి మార్చాల్సి వస్తే వాళ్ళింట్లో వాళ్ళ ముందు చెప్పకండి, కోడలి ముందు అసలే చెప్పకండి. మొదటి మూడు వారాలూ అందరూ రెండు బ్యాచులు చూడొచ్చు అని ముందే అనౌన్స్ చేసేస్తే ఎవరికీ మార్చినట్టే ఉండదు. మేం కూడా వీలైన చోట అలాగే చేస్తాం.

చివరి ప్రశ్న, ఎర్ర చీర ఆవిడ. మా అత్తగారు పరీక్ష అంటేనే రాను అంటున్నారు, ఈ వయసులో నాకు ఫెయిలవ్వడం ఎందుకు అంటున్నారు. అసలు పరీక్ష అనకండి ఆవిడతో. రిజిస్ట్రేషన్ ఫామ్ ఇవ్వండి ఇంగ్లీష్‌లో, పక్కన కూర్చోండి, టీ ఇవ్వండి. పేరు, ఇంటిపేరు ఏ గడిలో రాయాలి, అడ్రస్, ఫోన్ నంబర్, పుట్టినరోజు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఎక్కడిదాకా తనంతట తను రాశారో, ఎక్కడ మీ వైపు చూశారో, ఆ గడి పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టుకోండి. ఏ గడి దగ్గర ఆగారో చూస్తే మీకు సగం తెలిసిపోతుంది. మిగతాది టీ తాగుతూ నోటితో అడగండి. ఒక్కటి చూసుకోండి, పుట్టినరోజు రాసేటప్పుడు మనవాళ్ళు రోజు ముందు రాస్తారు, ఇక్కడ నెల ముందు. పదిహేనో తేదీ ఎనిమిదో నెల అని రాస్తే ఇంగ్లీష్ రాదని కాదు, దానికి టిక్కు పెట్టకండి, ఇక్కడ నెల ముందు రాస్తారమ్మా అని చెప్పి దిద్దించెయ్యండి. ఆ ఫామ్ నమూనా ఒకటి తెచ్చాను, అదిగో ఆ టేబుల్ మీద ఉంది, అది మా స్కూల్‌ది కాదు, నేను చేసిందే, కాబట్టి జిరాక్స్ తీసుకోవచ్చు.